ఎదిగే కుక్కకు ఏజిలిటీ జంపింగ్, హ్యాండ్లింగ్: నేల మీది బార్ నుంచి పూర్తి ఎత్తు దాకా

ఏజిలిటీ అంటే యజమాని పక్కన పరుగెత్తుతూ కుక్కచేత వరుసగా అడ్డంకులు దాటించే ఆట. ఇది గుర్రాల జంపింగ్ నుంచి పుట్టింది. 1978లో ఇంగ్లండ్‌లోని క్రఫ్ట్స్ డాగ్ షోలో ప్రధాన పోటీల నడుమ ఖాళీ సమయం దొరికితే, ప్రేక్షకుల కాలక్షేపం కోసం గుర్రాల పోటీ పద్ధతిలోనే కుక్కలచేత అడ్డంకులు దూకించారు. అయితే గుర్రం వీపు మీద రౌతు ఉంటాడు, అతని చేతిలో కళ్లెం ఉంటుంది. కుక్కకు అవేమీ లేవు. పక్కన ఒక మనిషి పరుగెత్తుతుంటాడు, పరుగు మధ్యలో కుక్కను ముట్టుకోకూడదు. మీ పాదాలు, భుజాలు, పరుగు వేగమే ఇక్కడ కళ్లెం. హ్యాండ్లింగ్ అంటే ఆ కళ్లేన్ని వాడటం నేర్చుకోవడమే.

దూకడం కుక్కకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేర్పాల్సినవి వేరే రెండున్నాయి. బార్‌కు, అంటే దూకాల్సిన అడ్డ కర్రకు, ఎంత దూరంలో కాలు ఊని లేవాలో దాని ఒంటికి తెలియాలి. లేవకముందే, దిగాక ఎటు తిరగాలో మీ కదలిక చూసి గ్రహించాలి. ఈ రెండింటికీ పునాది బార్ నేల మీద ఉండగానే పడుతుంది. అందుకే మొదటి ఏడాదంతా ఎత్తు పెంచకపోయినా మీ కుక్క వెనకబడదు. తొందరపడి ఎత్తు పెంచిన కుక్కలే తర్వాత మొదటికి రావాల్సి వస్తుంది.

వయసు, ఒళ్లు

ఎదిగే కుక్క ఎముకల చివర్లలో మెత్తటి పెరుగుదల పొరలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆ పొరలు గట్టిపడి మూసుకునేదాకా పదేపదే పడే దెబ్బకు అవి తట్టుకోలేవు. చిన్న జాతుల్లో దాదాపు 8-10 నెలలకు, మధ్యస్థ, పెద్ద జాతుల్లో 12-15 నెలలకు, భారీ జాతుల్లో ఏడాదిన్నర దాకా కూడా ఈ పెరుగుదల సాగుతుంది. చిన్న వయసులోనే సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన కుక్కల్లో పొరలు మూసుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. అనుమానం ఉంటే పశువైద్యుడు ఎక్స్‌రే తీసి చెప్పగలడు.

నిలబడి ఉన్నప్పుడే కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద ఉంటుంది. దూకి దిగేటప్పుడు మొదట నేలను తాకేవీ అవే. దిగుతూ మలుపు తిరిగితే ఆ భారం ఒక పక్క భుజానికి, మణికట్టుకు చేరుతుంది. కాబట్టి ఎత్తు ఒక్కటే ప్రమాదం అనుకోవద్దు. చిన్న ఎత్తులో ఇరుకైన మలుపులు వందసార్లు తిప్పడం కూడా లేత కీళ్లకు అంతే చేటు.

పెరుగుదల పూర్తయ్యేదాకా బార్ నేల మీదే ఉండాలి. చివరి రెండు మూడు నెలల్లో కావాలంటే ముందు కాలి మణికట్టు ఎత్తు దాకా లేపవచ్చు. పొరలు మూసుకున్నట్టు తేలాక మోచేతి ఎత్తు. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పైకి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ నియమాల ప్రకారం 18 నెలలు నిండనిదే కుక్క పోటీకి రాకూడదు. వీపు మొదలు దగ్గర కొలిచిన ఎత్తు 35 సెంటీమీటర్లకు లోపుంటే 25-30 సెంటీమీటర్ల బార్, 35 నుంచి 43 లోపు కుక్కలకు 35-40, 43 నుంచి 48 లోపు కుక్కలకు 45-50, ఆపైన 55-60. అంటే మీ చేతిలో కనీసం ఏడాది సమయం ఉంది.

మొదలుపెట్టే ముందు పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. అదిమితే తప్ప తగలకపోతే ముందు బరువు తగ్గించాలి. నడుము పొడవు, కాళ్లు పొట్టి ఉన్న జాతులకు వెన్నుపూసల మధ్య డిస్కు జబ్బు భయం ఉంటుంది కాబట్టి వైద్యుడి అనుమతి లేకుండా దూకించవద్దు. గోళ్లు నేలకు తగిలి టకటకమంటుంటే కత్తిరించండి. పొడవు గోళ్లతో కాలివేళ్లు సరిగా ఆనవు, మలుపులో జారుతుంది.

ఏం కావాలి

మూడు నాలుగు జంప్‌లు, రెండు కోన్‌లు చాలు. కోన్ లేకపోతే బోర్లించిన బకెట్ వాడవచ్చు. జంప్‌ను పీవీసీ పైపుతో సొంతంగా చేసుకోవచ్చు: బార్ పొడవు 120 సెంటీమీటర్లు, మందం 3-5 సెంటీమీటర్లు, పక్క స్తంభాలు ఒక మీటరు. బార్‌ను ఆపే కొక్కేలు పళ్లెంలా పైకి తెరిచి ఉండాలి. కాలు తగిలితే బార్ ఏ వైపుకైనా రాలిపోవాలి. కట్టేసిన బార్, రంధ్రంలో దూర్చిన బార్ కుక్క కాలు విరగ్గొడతాయి.

రంగు విషయం చాలామంది పట్టించుకోరు. కుక్క కంటికి నీలం, పసుపు ఛాయలే బాగా తెలుస్తాయి. ఎరుపు, పసుపు, గడ్డి పచ్చదనం దానికి దాదాపు ఒకే కోవలో కనిపిస్తాయి. మనకు కొట్టొచ్చినట్టు కనిపించే ఎర్ర చారల బార్ గడ్డి మీద కుక్కకు కలిసిపోతుంది. తెల్ల పైపుకు నీలం టేపు చుట్టండి, దూరం నుంచే దానికి అంచనా దొరుకుతుంది.

నేల: గుంటలు లేని, తడి లేని పొట్టి గడ్డి. సిమెంటు మీద, టైల్స్ మీద దూకించవద్దు. దూకేటప్పుడు హార్నెస్, వేలాడే బిళ్లలు తీసేయండి. బహుమతికి బఠాణీ గింజంత మెత్తటి ముక్కలు 30-40, ఒక మీటరు పొడవున్న లాగుడు బొమ్మ. ఆ ముక్కల మేరకు ఆ పూట తిండి తగ్గించాలి.

బహుమతి ఎక్కడ పడితే కుక్క అటే పోతుంది

ఈ ఒక్క సంగతి పట్టుబడితే సగం పని అయినట్టే. కుక్క దూకి దిగాక ప్రతిసారీ మీ చేతి దగ్గరకు వచ్చి తింటుందనుకోండి. నాలుగో రోజుకల్లా అది గాల్లో ఉండగానే తల తిప్పి మిమ్మల్ని చూస్తుంది. తల తిరిగితే వీపు వంకర పోతుంది, వెనక కాళ్లు బార్‌ను తన్నుతాయి. అప్పుడు యజమాని బార్ తప్పు అనుకుంటాడు, నిజానికి అది బహుమతి పెట్టిన చోటు తప్పు.

నేరుగా పోవాల్సిన జంప్ అయితే బొమ్మ కుక్క ముందు, దాని దారిలోనే, నేల మీద పడాలి. మలుపు జంప్ అయితే స్తంభం పక్కనే, మలుపు లోపలి వైపు, కుక్క ఛాతీ ఎత్తుకు దిగువన ఇవ్వాలి. పైకెత్తి ఆడించిన బొమ్మ కోసం కుక్క నిలువుగా ఎగురుతుంది, ఆ ఎగురుడు వెనక మోకాళ్లకు మంచిది కాదు.

ఇందుకోసం ముందుగా మూడు అలవాట్లు కావాలి. లాగులాటలో పట్టుగా లాగడం, చెప్పగానే వదలడం, నేల మీద కదలకుండా పడి ఉన్న బొమ్మ దగ్గరకు పంపితే నేరుగా పరుగెత్తడం. మూడోది నేర్పడానికి మీరు బొమ్మను 3 మీటర్ల ముందు పెట్టి, కుక్క ఛాతీని చేత్తో ఆపి, అది ముందుకు చూసిన క్షణంలో వదలండి. మీ ముఖం చూస్తున్నంతసేపు వదలవద్దు. వారంలో దూరం 10 మీటర్లకు చేరుతుంది.

వెనక కాళ్లు ఉన్నాయని కుక్కకు తెలియాలి

వినడానికి వింతగా ఉన్నా నిజం: చాలా కుక్కలు ముందు కాళ్లు చూసుకుని నడుస్తాయి, వెనకవి వెంట వస్తాయి, అంతే. జంప్‌లో నెట్టేది వెనక కాళ్లే. రెండు సాధనలు చేయించండి.

మొదటిది, తిరగేసిన గట్టి పళ్లెం లాంటి 8-10 సెంటీమీటర్ల ఎత్తు పీట. ముందు కాళ్లు దాని మీద పెట్టించి, మీరు దాని భుజం వైపుకు అడుగు వేయండి. కుక్క ముందు కాళ్లు అక్కడే ఉంచి వెనక కాళ్లతో పక్కకు ఒక్క అడుగు వేసినా ముక్క ఇవ్వండి. రెండు వారాల్లో పూర్తి చుట్టు వస్తుంది. రెండు వైపులా సమానంగా చేయించండి. ఒక వైపు మొండిగా ఉంటే తర్వాత జంప్ మలుపుల్లో కూడా ఆ వైపే వెడల్పుగా పోతుంది.

రెండోది, నేల మీద ఆరు కర్రలు వరుసగా. మధ్య దూరం సుమారు కుక్క వీపు ఎత్తు అంత. నడకలో కాదు, దుడుకు నడకలో (నడకకూ పరుగుకూ మధ్య వేగంలో) దాటించండి. కర్రకు కాలు తగలకుండా, ప్రతి ఖాళీలో ఒక్కో అడుగు పడితే దూరం సరిపోయినట్టు. రెండడుగులు వేస్తుంటే దగ్గరికి జరపండి, ఎగిరి దాటుతుంటే ఖాళీ పెంచాలో తగ్గించాలో దాని అడుగు చూసి నిర్ణయించండి. రోజుకు నాలుగైదు సార్లు, అంతే.

ఫ్లాట్‌వర్క్: జంప్‌లు లేకుండా హ్యాండ్లింగ్

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. కుక్క మీ సైగల్లో మొదట నమ్మేది కదలికను. తర్వాత పాదాలు, భుజాల దిశను. ఆ తర్వాత చేతిని. అన్నిటికన్నా చివర మాటను. మీ కాళ్లు ముందుకు పరుగెడుతుండగా నోటితో "ఇటు రా" అంటే అది కాళ్లనే నమ్ముతుంది. అలా నమ్మడం దాని తప్పు కాదు.

పరుగు, నెమ్మది: కుక్కను ఎడమ పక్కన పెట్టుకుని పదడుగులు వేగంగా పరుగెత్తండి, మూడడుగుల్లో నెమ్మదించి ఆగండి. మీతో పాటు అడుగు కుదించిన క్షణంలో పక్కనే, కిందుగా బహుమతి. ముందుకు దూసుకుపోతే తిట్టొద్దు, మీరు మౌనంగా వెనక్కి తిరిగి నడవండి. కొన్నాళ్లకు మీ వేగం తగ్గగానే "మలుపు రాబోతోంది" అని దాని ఒంటికి తెలుస్తుంది. జంప్ ముందు అడుగు కుదించుకోవడం ఇక్కడే పుడుతుంది.

ఫ్రంట్ క్రాస్ (క్రాస్ అంటే మీరు కుక్క దారిని దాటి, అది మీకు రెండో పక్కకు వచ్చేలా చేయడం): కుక్క ఎడమన ఉంది. నెమ్మదించండి, కుక్క వైపుకే, అంటే ఎడమకే తిరగండి. ఒక క్షణం ఎదురెదురుగా ఉంటారు. ఎడమ చెయ్యి దించి కుడి చెయ్యి చూపండి, తిరగడం పూర్తిచేసి కొత్త దిశలో పరుగెత్తండి. కుక్క మీ కుడికి వస్తుంది. ఎక్కువ మంది చేసే పొరపాటు, తిరిగి అక్కడే నిలబడటం. మీరు ఆగితే కుక్క మీ ముందు ఆగుతుంది, మలుపు పూర్తికాదు. ఇంకొకటి, రెండు చేతులూ ఒకేసారి చాచి ఉంచడం. కుక్కకు ఏ పక్కకు రావాలో అర్థం కాదు.

బ్లైండ్ క్రాస్: కుక్క ఎడమన, మీకన్నా రెండు మూడు మీటర్లు వెనక ఉంది. ముందుకు పరుగెడుతూనే దాని దారికి అడ్డంగా అవతలికి దాటండి, తల కుడి భుజం మీదుగా తిప్పి కుడి చేత్తో దాన్ని అందుకోండి. వీపు చూపిస్తారు కాబట్టి పేరు అలా వచ్చింది. మీరు ఆగరు, తిరగరు, అందుకే వేగం పోదు. కానీ మీరు నిజంగా ముందుంటేనే చేయాలి. సమానంగా ఉండగా చేస్తే కుక్క మీ కాళ్లకు తగులుకుంటుంది. ఎడమ భుజం వైపు చూస్తూ ఉండిపోతే ఎడమకే వస్తుంది. తల తిప్పడమే అసలు సైగ.

రియర్ క్రాస్: కుక్క మీకన్నా ముందుంది, ఎడమ వైపున. మీరు దాని వెనక నుంచి ఎడమకు దాటుతారు, అది ఎడమకు తిరగాలి. మూడింటిలో ఇదే కష్టం. ముందు పోతున్న కుక్క వెనక మీ దారి మారిందని గ్రహించాలి. నేర్పేటప్పుడు ముక్కను ముక్కు ముందు పెట్టి ఎడమకు, మీకు దూరంగా, ఒక చుట్టు తిప్పండి. అది తిరుగుతుండగా మీరు దాని తోక వెనక నుంచి దాటండి. నాలుగైదు రోజుల్లో చేతిలో ముక్క తీసేయండి.

ఒక్కో క్రాస్‌కు రోజుకు మూడు నాలుగు సార్లు చాలు, కానీ రెండు పక్కలా. మనకు కుడి చేతివాటం ఉన్నట్టే మనం తిరగడంలోనూ ఒక వాటం ఉంటుంది. కుక్క దాన్ని నేర్చేసుకుంటుంది. కుక్క లేకుండా మీరొక్కరే అడుగులు సాధన చేస్తే దాని ఓపిక మిగులుతుంది.

కోన్ చుట్టడం

ఇరుకైన మలుపు నేర్పడానికి కోన్ చాలు. జంప్ స్తంభం తర్వాత దాని స్థానంలోకి వస్తుంది.

కోన్‌ను అర మీటరు ముందు పెట్టండి. కుక్క కుడి పక్కన ఉంటే కుడి చేత్తో పంపండి. కోన్ కుడివైపు నుంచి వెళ్లి, ఎడమకు తిరుగుతూ వస్తుంది. మొదట కోన్ వైపు చూస్తే ముక్క, దాటితే ముక్క, చుట్టూ వస్తే మూడు ముక్కలు. పదిసార్లకు పైన ఒకేచోట చేయించవద్దు.

చుట్టడం అలవాటయ్యాక కోన్‌కు మీకు మధ్య దూరం 1 మీటరు, 2, 4 మీటర్లకు పెంచండి. ఇక అసలు పాఠం: కుక్క కోన్ వెనక్కి చేరకముందే మీరు వెనుదిరిగి పరుగు అందుకోవడం. మొదట అది చుట్టు సగం తిరిగాక కదలండి. తర్వాత కోన్ పక్కకు చేరగానే. ఆ తర్వాత ఇంకా రెండడుగుల దూరం ఉండగానే. మీరు వెళ్లిపోతున్నా కుక్క పని పూర్తి చేసుకుని వస్తే, దానికి "ఒప్పుకున్న చోటు", అంటే అక్కడికి చేరాక మీరు తిరిగినా పని వదలని చోటు, ఏర్పడిందన్నమాట. మధ్యలో వదిలేసి మీ వెంట వస్తే మీరు ఒక మెట్టు తొందరపడ్డారు. పరుగులో మీకు దొరికే సమయమంతా ఈ చోటు నుంచే వస్తుంది, కాబట్టి నెలల తరబడి దీన్ని పదును పెట్టడంలో నష్టం లేదు.

మాటలు ఇప్పుడు కలపండి, ముందు కాదు. కుక్క సరిగ్గా చేస్తుందని పందెం కాయగలిగినప్పుడే మాట. ఎడమ మలుపుకు ఒకటి, కుడి మలుపుకు ఒకటి, నేరుగా పోవడానికి ఒకటి. "కుడి", "ఎడమ" అన్న మాటలు వాడకపోవడం మేలు: రెండింటిలోనూ "డ" గట్టిగా పలుకుతుంది, పరుగులో రొప్పుతూ అంటే ఒకేలా వినిపిస్తాయి. ఒక దానికి "చక్ చక్ చక్" లాంటి తెగిన శబ్దం, ఇంకోదానికి "రూ" అని సాగదీసిన శబ్దం పెట్టుకోండి. కుక్క వినేది అర్థం కాదు, శబ్దం.

జంప్ పరిచయం

1. బార్ లేకుండా రెండు స్తంభాలు మాత్రమే. మధ్య నుంచి నడిపించి 3 మీటర్ల అవతల నేల మీద బహుమతి.

2. బార్ నేల మీద పెట్టండి. కుక్క దాన్ని దాటితే చాలు, ఎగరనక్కర్లేదు. మీరు కుడిన, ఎడమన, వెనక, అన్ని చోట్లా ఉండి పంపండి.

3. గడియారం: జంప్‌ను గడియారం మధ్యలో ఉన్నట్టు ఊహించుకోండి. మొదట 6 అంకె దగ్గర నుంచి, అంటే బార్‌కు సూటిగా ఎదురుగా, పంపండి. తర్వాత 5, 7. ఆ తర్వాత 4, 8. ప్రతిసారీ కుక్క రెండు స్తంభాల మధ్యకు తానే దారి వెతుక్కోవాలి. పక్క నుంచి దూరిపోతే ఒక అంకె వెనక్కి రండి. 3, 9 దాదాపు బార్‌కు సమాంతరం కాబట్టి బాగా ముదిరాకే.

4. స్తంభం చుట్టడం: కోన్ పక్కన జంప్ స్తంభం పెట్టి, నాలుగైదు సార్లయ్యాక కోన్ తీసేయండి. కుక్క బార్ దాటి, స్తంభాన్ని రాసుకుంటూ వెనక్కి రావాలి.

5. కూర్చుని ఆగడం: ఇది విడిగా, జంప్‌కు దూరంగా నేర్పాలి. కుక్క కూర్చుంటే మీరు ఒక అడుగు, మూడు, పది. విడుదల మాట (ఇక కదలొచ్చని చెప్పే మాట) అనేటప్పుడు మీ చేతులు, కాళ్లు కదలకూడదు. మాట, కదలిక కలిసి పోతే కుక్క కదలికకే లేస్తుంది, పోటీలో మీరు చెయ్యి ఎత్తగానే బయలుదేరుతుంది. మధ్యమధ్య తిరిగి వెనక్కి వచ్చి కూర్చున్న చోటే ముక్క ఇవ్వండి. ఆగడం కూడా లాభసాటి పని అని తెలియాలి.

ఎముకలు ముదిరాక: గ్రిడ్

బార్ లేపడానికి అనుమతి వచ్చాక దూకే మెళకువ గ్రిడ్‌లో నేర్పండి. ఐదు జంప్‌లు తిన్నగా ఒకే వరుసలో. 50 సెంటీమీటర్ల ఎత్తు కుక్కకు మధ్య దూరం 1.8 మీటర్లు, 35 సెంటీమీటర్ల కుక్కకు దాదాపు 1.2 మీటర్లతో మొదలుపెట్టండి. బార్ 15-20 సెంటీమీటర్లు, చిన్న కుక్కకు 10. చివరి జంప్‌కు 5 మీటర్ల అవతల బొమ్మ ముందే పడి ఉండాలి. కుక్కను మొదటి బార్ ముందు కూర్చోబెట్టి, మీరు బొమ్మ దగ్గర కదలకుండా నిలబడి విడుదల మాట అనండి. ఇక్కడ మీ కదలిక అడ్డం రాకూడదు. కుక్క, బార్, నేల, అంతే.

చూడాల్సింది ఏమిటంటే, దిగిన వెంటనే మళ్లీ లేవాలి, మధ్యలో అదనపు అడుగు ఉండకూడదు. తల కిందుగా ముందుకు చాచి ఉండాలి, వీపు విల్లులా వంగాలి. అదనపు అడుగు వేస్తుంటే ఖాళీ ఎక్కువ, 15 సెంటీమీటర్లు తగ్గించండి. తల పైకెత్తి నిలువుగా ఎగురుతుంటే, ఛాతీ బార్‌కు దగ్గరవుతుంటే ఖాళీ తక్కువ, అంతే మేర పెంచండి. సరైన లెక్క మీ కుక్క అడుగులోనే ఉంటుంది. పుస్తకంలో ఏ అంకె ఉన్నా దాన్నే నమ్మండి.

రెండు వారాలయ్యాక చివరి రెండు జంప్‌లు మాత్రమే ఉంచి, మొదటిది 10 సెంటీమీటర్లకు దించి, రెండోదాన్ని మెల్లగా పెంచండి. దూరం మారదు, ఎత్తు మారుతుంది. కుక్క వెనక కాళ్ల మీదకు బరువు జరుపుకుని లేవడం నేర్చుకుంటుంది.

వారానికి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు. ప్రతిసారీ ఐదారు పరుగులు. మర్నాడు విశ్రాంతి.

జంప్‌లతో హ్యాండ్లింగ్

ఎఫ్‌సీఐ కోర్సుల్లో పెద్ద కుక్కలకు అడ్డంకుల మధ్య దూరం 5-7 మీటర్లు. వేగమైన కుక్క సెకనుకు 5 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. అంటే ఒక జంప్ దిగి ఇంకో జంప్ ఎక్కడానికి సుమారు ఒక సెకను. ఆ సెకనులో చివరి అడుగు వేసేలోపే మలుపు సంగతి దానికి తెలియాలి. గాల్లో ఉన్న కుక్కకు చెప్పి లాభం లేదు, ఎక్కడ దిగాలో నేలను వదిలినప్పుడే తేలిపోయింది.

మొదటి సాధన రెండు జంప్‌లు, తిన్నగా, 5 మీటర్ల దూరం, బార్ మణికట్టు ఎత్తుకు మించకుండా. ఒకసారి మీరు ఆగకుండా పరుగెత్తి రెండో జంప్ అవతల బొమ్మ విసరండి. మరోసారి రెండో జంప్‌కు 2 మీటర్ల ముందు కుక్క ఉండగానే నెమ్మదించి, మలుపు మాట అని, స్తంభం దగ్గర బహుమతి ఇవ్వండి. వరుసగా ఒకేలా చేయకండి, కలిపి చేయండి. మీ నెమ్మది చూసి కుక్క లేచే చోటు బార్‌కు దగ్గరవుతుంది, దిగేదీ దగ్గరే. వేగం చూసి దూరం నుంచి లేస్తుంది. రెండింటికీ తేడా వీడియోలో కనిపించకపోతే మీ సైగల్లో తేడా లేదన్నమాట.

తర్వాత మూడు జంప్‌లను ఒక గుండ్రం అంచున పెట్టండి, మధ్యలో మీరు. కుక్క బయటి వైపు తిరుగుతుంది. మీ లోపలి దారి చిన్నది కాబట్టి పరుగెత్తక్కర్లేదు, కానీ పాదాలు ఎప్పుడూ తర్వాతి జంప్ వైపే ఉండాలి. వెనక్కి తిరిగి కుక్కను చూస్తే భుజం దాన్ని లోపలికి లాగుతుంది, జంప్ తప్పిపోతుంది.

ఆపైన నాలుగు జంప్‌ల చతురస్రం, ఒక్కో భుజం 5-6 మీటర్లు. ఇదొక్కటి చాలు, మూడు క్రాస్‌లూ ఇందులోనే సాధన చేయవచ్చు. ఫ్రంట్ క్రాస్ చేసేచోటు కుక్క దిగే దారికి బయట ఉండాలి. దారిలో నిలబడితే అది మిమ్మల్ని తప్పించుకుంటూ వెడల్పుగా పోతుంది. కుక్క బార్ మీద ఉన్నప్పటికి మీ తిరుగుడు పూర్తవ్వాలి. సమయానికి చేరలేకపోతే ఫ్రంట్ క్రాస్ వదిలేసి రియర్ క్రాస్ చేయండి. రియర్ క్రాస్‌లో మీరు కుక్క దారిని దాటేది అది బార్ మీద ఉండగా కాదు, లేవడానికి ముందే మీ అడుగు దాని వెనక ఆ దిశకు మళ్లాలి. ఆలస్యమైతే అది దిగి తప్పు వైపు తిరిగి మీకోసం చూస్తుంది.

ఏం తప్పుతుంది, ఎందుకు

బార్ పడితే ఏ కాలు తగిలిందో ముందు వీడియోలో చూడండి. ముందు కాళ్లయితే మరీ దగ్గరకు వచ్చి లేచింది లేదా చూపు మీ మీద ఉంది. వెనక కాళ్లయితే గాల్లో ఉండగా మీరు పిలిచారు, లేదా మలుపు ఆలస్యంగా చెప్పారు. చాలా బార్‌లు హ్యాండ్లర్ నోటి వల్లే పడతాయి. బార్ పడినందుకు కుక్కను గద్దించవద్దు, ఏ పనికి తిట్టు తగిలిందో దానికి తెలియదు. బార్ దగ్గర బెదిరిన కుక్క మరీ దూరం నుంచి లేవడం మొదలుపెడుతుంది.

దూరం నుంచి లేవడం, ముందు చిన్న చిన్న అడుగులతో తడబడటం వదలకుండా కనిపిస్తే కళ్లు, వెన్ను, తుంటి పరీక్ష చేయించండి. దూరం అంచనా కట్టలేని కుక్కకు సాధన పెంచితే భయమే పెరుగుతుంది.

జంప్ వదిలి పక్క నుంచి వస్తే మీరు తొందరగా వెనుదిరిగారు, లేదా పాదాలు వేరే వైపు ఉన్నాయి. మలుపు వెడల్పైతే సైగ ఆలస్యం లేదా బహుమతి దూరంగా పడుతోంది. చుట్టూ తిరుగుతూ మొరగడం, మడమలు పట్టడం చాలామంది పొగరు అనుకుంటారు. అది ఎక్కువగా "ఎటు పోవాలో చెప్పు" అనే చిరాకు. సైగ ఒక అడుగు ముందుకు జరిపితే చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది.

మీ సైగ తప్పై కుక్క తప్పు జంప్ దూకితే అది మీరు చెప్పిందే చేసింది. బహుమతి ఇచ్చి మళ్లీ మొదలుపెట్టండి. వరుసగా రెండుసార్లు తప్పితే మూడోసారి అదే చేయించవద్దు, దూరమో కోణమో తగ్గించండి.

వారం లెక్క, ఎత్తు పెంచడం

ఏడాదిలోపు కుక్కకు వారానికి మూడు రోజులు, ఒక్కో విడత ఐదు నిమిషాలు, మధ్య పది నిమిషాల విశ్రాంతితో రెండు విడతలు. ముందు ఐదు నుంచి పది నిమిషాలు నడక, దుడుకు నడక, రెండు వైపులా గుండ్రాలు. ఎండలో చేయించవద్దు. పొట్టి ముక్కు జాతుల కుక్కలు మరీ తొందరగా వేడెక్కుతాయి. ఒళ్లు ముదిరి బార్ లేచాక కూడా మొదటి మూడు నెలలు ఒక రోజుకు 15-20 దూకుళ్లు దాటకూడదు. నోట్లో లెక్కపెట్టుకోండి, లెక్క పెట్టకపోతే తెలియకుండానే 40 అవుతాయి.

ఎత్తు 5 సెంటీమీటర్ల చొప్పున, ఒక్కో మెట్టు మీద కనీసం రెండు వారాలు. ముందు తిన్నగా, అదే ఎత్తులో బార్ పడకుండా దూకుతున్నప్పుడే మలుపులకు తేవాలి. కొత్త హ్యాండ్లింగ్ నేర్పే రోజు ఎత్తు రెండు మెట్లు కిందికి దించండి. పూర్తి ఎత్తుకు చేరాక కూడా మూడింట ఒక వంతు సాధన చాలు ఆ ఎత్తులో, మిగిలింది తక్కువ బార్ మీదే.

పెంచిన మర్నాడు ఉదయం కుక్క నిద్ర లేవడం గమనించండి. వెనక కాళ్లు బిగుసుకుని లేస్తే, మెట్లు దిగడానికి తటపటాయిస్తే, ఒక కాలు తేలిగ్గా మోపితే ఆ రోజు జంప్‌లు లేవు. రెండు రోజుల్లో తగ్గకపోతే, తగ్గినా మళ్లీ ఎత్తు పెంచగానే కనిపిస్తే, వైద్యుడు చూసేదాకా బార్ మళ్లీ నేల మీదకే.